బజారు ఎందుకు నిండుతుంది?



దర్శి బజారు ఒక నెల కిటకిటలాడుతుంది. మరో నెల బోసిపోతుంది. ఎందుకని?

మొదటిది పంట. సాగర్ కుడి కాలువ నీళ్లొస్తే చేలు పండుతాయి. పత్తి తీతలు, మిరప కోతలు మొదలైతే కూలి డబ్బు చేతికొస్తుంది. ఆ డబ్బే చీర అవుతుంది, పప్పు అవుతుంది, పిల్లల పలక అవుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోతే, ఇక్కడి కొట్లలో గిరాకీ తగ్గుతుంది.

రెండోది దారి. బస్సు ఉంటేనే పల్లె జనం వస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో చార్జీ లేదు. కానీ వచ్చినవాళ్లంతా కొనరు. చేతిలో డబ్బుండాలి కదా!

మూడోది పండగ. సంక్రాంతికి, పెళ్లిళ్లకు బట్టల కొట్లు నిండుతాయి.

నాలుగోది అప్పు. పనుల్లేని నెలల్లో అప్పిచ్చే కొట్టుకే జనం పోతారు. బాకీ ఉన్నవాళ్లు పంట డబ్బు వచ్చాక కూడా అక్కడే కొనాలి. బేరమాడే నోరుండదు.

అందుకే షావుకారు రాసిన పద్దు మీరే చదవండి. కూడిక సరిచూడండి. పొట్లం మీద అచ్చేసిన ధర చూడండి. అంతకు మించి తీసుకోకూడదు. బిల్లు అడగండి. మోసం జరిగితే 1915కు ఫోన్ చేయండి.

బజారును నింపేది మీ కూలి డబ్బే. ఆ డబ్బు లెక్క మీకు తెలిసి ఉండాలి.