ఇసుకలో భూగోళ పాఠం



మన పాఠశాలల్లో తరగతి గోడమీద ప్రపంచపటం వ్రేలాడడం పరిపాటి. ఆస్ట్రేలియా ఎక్కడున్నదని అడిగితే పిల్లలు తడుముకోకుండా చూపుతారు. విశాఖపట్టణపు పిల్లలనే, "మన ఒడ్డున ఇసుక ఎటునుంచి ఎటు పోతున్నది?" అని అడిగి చూడండి. జవాబు రావడం అరుదు. ఈ రెండవ ప్రశ్న తెలియనప్పుడు మొదటిది తెలిసినందువల్ల కలిగే ప్రయోజనం స్వల్పమని నా మనవి.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1952లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వచ్చారు. వాల్తేరు ఒడ్డున ఏ ఋతువులో ఇసుక పేరుకొంటున్నదో, ఏ ఋతువులో కోసుకొనిపోతున్నదో ఇక్కడి పరిశోధకులతో కలసి ఆయన కొలిచి చూశారు. 1954లో విశ్వవిద్యాలయం ఆ పరిశోధనలను ప్రచురించింది. తరువాత తూర్పుతీరానికి ఆవల సముద్రగర్భంలో కనుగొన్న లోయలకు ఆయన ఆంధ్ర, కృష్ణ అనీ, ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యులు మహాదేవన్ గారి పేరిట మహాదేవన్ అనీ నామకరణం చేశారు. కాళ్ళకింది ఇసుకతో మొదలైన చదువు సముద్రపు అడుగుదాకా వెళ్ళింది.

ఆ ఇసుక కథ ఏమిటో చూతము. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి త్రోస్తాయి. ఈశాన్యపు గాలులు వీచేటప్పుడు దక్షిణానికి మళ్ళిస్తాయి. సంవత్సరం మొత్తంమీద ఉత్తరపు నడకదే పైచేయి. ఈ పని చేసే కెరటాలన్నీ మన బంగాళాఖాతంలో పుట్టినవి కావు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ సముద్రంలో తుఫానులు లేపిన అలలు వేల మైళ్ళు పయనించి వచ్చి మన ఒడ్డును తాకుతాయి. పిల్లవాని పాదం క్రింద కదిలిన ఇసుకరేణువులో భూగోళం సగం ఉన్నదంటే అది అతిశయోక్తి కాదు.

1933లో ఇక్కడ నౌకాశ్రయం తెరిచారు. అలల తాకిడికి అడ్డుగా ఆనాడు రెండు పాత ఓడలను ముంచి, రాళ్ళు పోశారు. 1976లో వెలుపలి నౌకాశ్రయం వచ్చింది. సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన ఈ కట్టడాలు ఉత్తరానికి నడిచే ఇసుకను దక్షిణాననే ఆపివేస్తాయి. అందువల్ల ఊరిముందటి ఒడ్డు సన్నగిల్లుతుంది. ఆగిపోయిన ఇసుకను త్రవ్వోడలతో తీసి, మరల ఆ ఒడ్డున పోయవలసి వస్తున్నది.

అట్లని రేవును నిందించవచ్చునా? 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఆంధ్రదేశమంతటా విద్యార్థులు వీధులలోకి వచ్చారు. ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. కర్మాగారం వచ్చింది, 1992లో జాతికి అంకితమైంది. దాని కొలుములకు కావలసిన కోకింగు బొగ్గులో అధికభాగం ఆస్ట్రేలియావంటి దూరదేశాలనుంచి ఓడలమీద రావలసినదే. గోడమీద పటంలో పిల్లవాడు చూపిన ఆస్ట్రేలియా ఇదే! ఈ సీమకు అన్నం పెట్టే ఓడలు ఆగడానికి రేవు కావాలి. ఆ రేవే ఒడ్డుకు ఇసుక కరవు తెచ్చింది. ఈ రెండు సత్యాలనూ ఒక్క చూపులో చూడగల బుద్ధిని పిల్లవానికి అలవరచడమే ప్రపంచజ్ఞానం. ఒకదానినే చూసేవాడు నినాదం చేయగలడు గాని పరిష్కారం చెప్పలేడు.

చూచినంతమాత్రాన చాలదు, ఏదో ఒకటి చేయాలి. ఉపాధ్యాయులకు నాదొక చిన్న సూచన. ఒడ్డున కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి: ఒక మెట్టు కావచ్చు, ఒక గోడమూల కావచ్చు. ప్రతి పున్నమినాడు పగటి పోటు వేళకు, పెద్దలు వెంట ఉండగా, అక్కడనుంచి తడి ఇసుక అంచువరకు పిల్లలచేత తాడుతో కొలిపించండి. తిథిని బట్టి పోటుపాట్లు ఎట్లా మారుతాయో మన జాలరి పెద్దలకు బాగా తెలుసు. వారినే తరగతికి పిలిచి చెప్పించండి. కొలతను పుస్తకంలో వ్రాయించి, ఏడాది చివర ఆ పుస్తకాన్ని క్రింది తరగతికి అప్పగించండి. ఒక్క కొలతకు విలువ తక్కువ. పదేళ్ళ కొలతలు అయితే నగరపాలకులముందు పెట్టదగిన సాక్ష్యం.

చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. గుడ్లనుండి వెలువడిన పిల్లలు వెలుగును చూసి సముద్రమనుకొని దారి తప్పుతాయి. ఆ రోజులలో ఒడ్డున దీపాలు తగ్గించమని సంబంధిత అధికారులకు పిల్లలే ఒక విజ్ఞప్తి వ్రాయవచ్చును. సముద్రాలు దాటి తిరిగే ప్రాణికి మన ఊరి పిల్లలు చేసే ఆతిథ్యమది.

తలిదండ్రులు, "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడగవచ్చును. పరీక్షలో రాకపోవచ్చు. కాని ఒడ్డు లేని ఊరిలో బ్రతకవలసివస్తే, ఆ పరీక్ష వ్రాయవలసినవారు ఈ పిల్లలే. ఈసారి పున్నమికి మీ పిల్లవాడు తాడుచుట్ట అడిగితే, దయచేసి కాదనకండి.