కెమెరా ఎవరివైపు చూస్తోంది?

(నర్మెట్టలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం పోలీసు నిఘా గురించి మాట్లాడుకుందాం. పొద్దున లేస్తే పత్తిచేనుకో, ఉపాధి పనికో పోయే ఆడవాళ్లకు ఈ విషయంతో ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఊరూరా కెమెరాలు పెట్టేటప్పుడు ముందుగా చెప్పే కారణం మనమే. 'ఆడవాళ్ల భద్రత కోసం' అంటారు. మన పేరు మీద జరిగే పనికి లెక్క అడిగే హక్కు మనకుంది.

'ఒక్క సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానం' అని తెలంగాణ పోలీసులు సభల్లో చెబుతుంటారు. ఆ మాట ఈ జనగామ ప్రాంతంలో వేరేగా వినిపిస్తుంది. వందమంది పోలీసులు ఊళ్లోకి దిగితే ఎట్లా ఉంటుందో ఇక్కడి పెద్దమ్మలకు ఒకరు చెప్పనక్కరలేదు. నిజాం కాలంలో ఊరి మీద కన్నేసి ఉంచడం పోలీసు పటేల్ పని. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత ఈ ఊళ్లు ఎన్ని దాడులు చూశాయో చరిత్రలో ఉంది. పటేల్, పట్వారీ వ్యవస్థ 1980లలో రద్దయింది. అదే రోజుల్లో నక్సలైట్ల కోసం గాలింపు పేరుతో అర్ధరాత్రి తలుపులు కొట్టడం మొదలైంది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఎవరికి అన్నం పెట్టారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది ఎక్కువగా ఆడవాళ్లే. కాబట్టి నిఘా మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చింది పనిముట్టు.

ఈ పనిముట్టు ఎట్లా వచ్చిందో చూద్దాం. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రత చట్టం చేశారు. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట్ల యజమానులే కెమెరాలు పెట్టాలి. రికార్డు 30 రోజులు దాచాలి. పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఆ తర్వాత 'నేను సైతం' పేరుతో దుకాణదారుల చేత, కాలనీల చేత, గ్రామస్తుల చేత చందాలు వేయించి కెమెరాలు పెట్టించారు. 2018 ఆగస్టులో పోలీసుల ఫోన్లలో ఉండే టీఎస్‌కాప్ యాప్‌కు ముఖాలను గుర్తుపట్టే సదుపాయం చేర్చారు. దారిన పోయే మనిషిని ఫోటో తీసి, పోలీసుల దగ్గర ఉన్న ఫోటోలతో పోల్చి చూడవచ్చు. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది.

ఇంత జరిగినా, మనిషి ముఖాన్ని యంత్రానికి అప్పగించడానికి ఏ చట్టం అనుమతిస్తోంది అన్న ప్రశ్న మిగిలే ఉంది. 2021 మే నెలలో హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన ఒప్పుకోకపోయినా ఫోటో తీశారు. ఎందుకు తీశారని నోటీసు పంపితే జవాబు రాలేదు. ఆయన హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24నే చెప్పింది. ఆ హక్కు పెద్ద చదువులు చదివినవాళ్లకే గానీ కూలివాళ్లకు, తండావాళ్లకు లేదని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

'తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?' అని అడుగుతారు. దీనికి జవాబు మెదక్‌లో ఉంది. 2023 జనవరిలో అక్కడ ఒక గొలుసు దొంగతనం జరిగింది. సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడని ఒక ముస్లిం కూలీని పోలీసులు పట్టుకుపోయారు. తర్వాత వదిలేశారు. తనను స్టేషన్‌లో చిత్రహింసలు పెట్టారని అతను ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోయింది ఒక ఆడమనిషి గొలుసు. ఆ గొలుసు కోసం వెతుకుతూ ఇంకొక ఆడమనిషికి భర్త లేకుండా చేశారు. ఇది మన భద్రత అంటే మనం ఒప్పుకుందామా? కెమెరా 'పోలిక ఉంది' అని మాత్రమే చూపుతుంది. ఆ పోలికను నేరంగా మార్చేది స్టేషన్‌లోని లాఠీ. ఎవరి ముఖం ముందుగా అనుమానాస్పదంగా కనిపిస్తుందో ఎరుకల, లంబాడి, దళిత, ముస్లిం కుటుంబాల ఆడవాళ్లకు బాగా తెలుసు.

కెమెరాలతో మేలే లేదని నేను అనడం లేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్లముందే ఆసుపత్రి వాకిట్లో నరికి చంపారు. అది కెమెరాలో రికార్డయింది. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. సాక్ష్యంగా కెమెరా పనికొచ్చింది. కానీ ఆ అబ్బాయి ప్రాణాన్ని కాపాడలేకపోయింది. పైగా మన మీద హింస ఎక్కువగా జరిగేది చౌరస్తాలో కాదు, ఇంట్లో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినవాళ్లే. ఆ గడప లోపలికి కెమెరా రాదు, రాకూడదు కూడా. అక్కడ కావలసింది ఫిర్యాదు తీసుకునే పోలీసు, రక్షణ అధికారి, తలదాచుకునే చోటు. 'సర్దుకుపో అమ్మా' అని తిప్పి పంపే స్టేషన్ ఎన్ని కెమెరాలు పెట్టినా మనకు భద్రత ఇవ్వదు.

సేకరించిన సమాచారమైనా భద్రంగా ఉందా? పౌరులు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆపదలో వాడుకోవాలని పోలీసులు పెట్టిన హాక్‌ఐ యాప్‌లోని సమాచారం 2024లో బయటికి పోయింది. దొంగిలించాడని ఒక యువకుణ్ణి జూన్‌లో అరెస్టు చేశారు. పోలీసుల్ని నమ్మి ఫిర్యాదు చేసిన స్త్రీల వివరాలు అంగడి సరుకయ్యాయి. ఊళ్లోనైతే మరీ ప్రమాదం. ఏ అమ్మాయి ఏ బస్సు ఎక్కింది, ఎవరితో మాట్లాడింది అన్నది రికార్డయి, కులపెద్దల చేతికి, తండ్రి చేతికి చేరితే ఏమవుతుందో ఆలోచించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. కెమెరా అన్నింటికన్నా అవసరమైన చోటు పోలీస్‌స్టేషన్. 1978లో నల్లకుంట స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. 2021 జూన్‌లో మన పక్కనే యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం కేసులో తీసుకుపోయిన దళిత మహిళ ప్రాణాలతో తిరిగి రాలేదు. నలభై మూడేళ్లలో యంత్రాలు ఎన్నో మారాయి. ఆ గోడల మధ్య ఆడదానికి ఉన్న భయం మాత్రం మారలేదు.

దేశంలోని ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, అధికారుల గదులు అన్నీ కనిపించేలా, మాటలు కూడా రికార్డయ్యేలా కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. రికార్డును ఏడాదిన్నర, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని చెప్పింది. జిల్లా కమిటీలో స్థానిక సంస్థల ప్రతినిధి ఉండాలన్నది. కెమెరాలు ఉన్నాయని, దెబ్బలు తిన్నవాళ్లు మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చని తెలుగులో బోర్డు పెట్టాలన్నది. ఐదేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో కెమెరాలు సరిగా పనిచేయడం లేదని అదే కోర్టు తనంతట తానే మళ్లీ కేసు తీసుకోవలసి వచ్చింది. మన చందాలతో పెట్టిన చౌరస్తా కెమెరా రాత్రింబగళ్లు పనిచేయాలట, స్టేషన్ కెమెరా మాత్రం కావలసినప్పుడే చెడిపోతుందట!

అందుకని మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కెమెరాల కోసం చందా అడిగితే గ్రామసభ పెట్టమందాం. రికార్డు ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరికి ఇస్తారు, దుర్వినియోగమైతే ఎవరు బాధ్యులు అని అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకుందాం. నర్మెట్ట, తరిగొప్పుల, బచ్చన్నపేట స్టేషన్లలో కెమెరాలు ఎన్ని, ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని రోజుల రికార్డు ఉంది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడదాం. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు పిలవకూడదు, ఇంటి దగ్గరే విచారించాలి. ఎవరినైనా తీసుకుపోతే, ఆ రోజే రికార్డు చెరిపేయవద్దని ఎస్‌పీ స్థాయి అధికారికి, మానవ హక్కుల కమిషన్‌కు రాతపూర్వకంగా అర్జీ పంపాలి. ఆలస్యం చేస్తే సాక్ష్యం ఉండదు.

మమ్మల్ని చూసే ముందు మిమ్మల్ని మీరు చూపించండి అని అడగడం నేరం కాదు. ఒక్కరుగా అడిగితే బెదిరిస్తారు. పదిమందిగా వెళ్లి అడుగుదాం. మొదటి దరఖాస్తు ఇక్కడే, ఈ సమావేశం నుంచే రాద్దాం.