గోపురములో అడ్డుగోడ

బెంజీను, టొలుయీను, జైలీను కలసియున్న ద్రవమును మూడుగా విడదీయుటకు మామూలుగా రెండు స్వేదన గోపురములు కావలెను. దేని వేడి దానిదే. ఇందులో ఒక దుబారా ఉన్నది. మొదటి గోపురము నడుమ టొలుయీను చక్కగా చిక్కబడి, అడుగునకు దిగుసరికి మరల జైలీనులో కలసిపోవును. వేరైనదానిని కలుపుకొని, తిరిగి వేరుచేయుటకు ఇంధనము కాల్చుచున్నామన్నమాట!

ఒకే గోపురమున నిలువుగా అడ్డుగోడ పెట్టి, ఒకే వేడితో మూడింటిని తీయు పద్ధతికి 1949లో అమెరికాలో రైట్ అను నాతడు పేటెంటు పొందెను. 1965లో సోవియట్ దేశపు పెట్ల్యూక్, ఆయన సహచరులు ఇట్టి జంట గోపురముల సిద్ధాంతమును వివరించిరి. ఇంధనములో ఇంచుమించు 30 శాతము ఆదా తరచు సాధ్యమే. అయినను జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. వారు అట్టి గోపురమును నిలుపుటకు 1985 వరకు ఆగవలసివచ్చెను.

ఎందుకింత జాగు? అదుపు తప్పునను భయమే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము. పైనుండి దిగు ద్రవమును గోడకు ఏ వైపున ఎంతో పంచవచ్చును. క్రిందినుండి లేచు ఆవిరి మాత్రము మన మాట వినదు. అడ్డంకి తక్కువైన వైపునకే ఎక్కువగా పోవును. ఈ పంపకము తప్పినచో ఆదా కరగిపోవును, లేదా నడిమి సరుకు చెడును. కావున ఉష్ణోగ్రతలను కనిపెట్టుచు ద్రవపు పంపకమునే సవరించుచుందురు. బరువైన జైలీను గోడ పైకొసను దాటరాదు. దాటినచో ఆవలివైపు దిగి, అచట తీయు టొలుయీనులో పడును.