కొండలోని రాయి, కడలి కావలి కొలిమి



రెండు దేశముల పారిశ్రామికులు ఒక బల్లచుట్టు కూర్చుండి సంభాషించిరనగానే విందులు, పుష్పమాలలు, ఛాయాచిత్రములు మనస్సునకు తోచును. అవి లేకపోలేదు. కాని అట్టి సంభాషణ ఫలించిన తీరు చూడగోరువారు కొత్తవలసనుండి కిరందూలునకు పోవు రైలుమార్గమును చూచిన చాలును.

బస్తరు సీమలోని బైలడిల్లా కొండలలో మేలైన ఇనుపరాయి యున్నదని భూగర్భశాస్త్రజ్ఞుడు క్రూక్‌షాంక్ 1934-35 లోనే పరిశీలించి తెలిపెను. ఎద్దుమూపురమును పోలిన శిఖరము గలది గనుక ఆ కొండకు ఆ పేరు. రాయి యున్నది, దారి లేదు. పాతికేండ్లు ఆ సంపద కాగితములమీదనే నిలిచెను.

యుద్ధానంతరము జపాను తన ఉక్కు కర్మాగారములను పునరుద్ధరించుకొనెను. అచ్చట కొలుములు గలవు, చాలినంత రాయి లేదు. ఇచ్చట రెండవ పంచవర్ష ప్రణాళికకు విదేశీ మారకద్రవ్యము చాలకుండెను. 1952లో ఉభయదేశములకు శాంతిసంధి కుదిరెను. 1957 మే నెలలో ప్రధాని కిషి భారతదేశమునకు, అక్టోబరులో నెహ్రూ జపానునకు వెళ్లిరి. ప్రధానులు తలుపు తెరచిరి. లెక్కలతో లోపలికి వచ్చినవారు మాత్రము ఉక్కు పరిశ్రమ ప్రతినిధులు.

చిక్కంతయు ఒకచోటనే యున్నది. కొనువాడు నిశ్చయముగా నుండనిదే తూర్పుకనుమలను తొలిచి నాలుగువందల కిలోమీటర్లకు మించిన రైలుమార్గమును ఎవరు వేయుదురు? మార్గము లేనిదే ఓడలు పంపుటకు ఏ కొనుగోలుదారుడు మాట యిచ్చును? ఒకరికై ఒకరు వేచియుండినచో నేటికిని కొండ కొండగానే యుండెడిది. పలుమారులు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడిన పిమ్మట 1960లో ఒప్పందము కుదిరెను. సంవత్సరమునకు బైలడిల్లానుండి 40 లక్షల టన్నులు, ఒరిస్సా సరిహద్దులోని కిరిబురునుండి 20 లక్షల టన్నులు. ఒక యేటి బేరము కాదది, దీర్ఘకాలపు మాట. ఆ మాటను నమ్మియే పట్టాలు పడెను.

1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గనిని తెరచు భారము వహించెను. 1968 ఏప్రిల్‌లో పదునాల్గవ నిక్షేపమున పని ప్రారంభమయ్యెను. అప్పటికే రైల్వేవారు యాభైకి మించిన సొరంగములు తొలిచి, సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల యెత్తునకు మార్గము నెక్కించిరి. నేడు అరకులోయకు విహారమునకు పోవువారిలో, ఆ పట్టాలు ఇనుపరాయికొరకు పడినవని యెరిగినవారు కొలదిమందియే.

అంతటితో తీరలేదు. 1933లో తెరచిన విశాఖ లోపలి రేవునకు ద్వారము ఇరుకు. ఓడ పెద్దదైనకొలది టన్నుకు రవాణావ్యయము తగ్గును. ఆస్ట్రేలియావారు పెద్ద ఓడలతో పోటీకి దిగిరి. కొనువాడు చేజారకుండుటకు 1976లో వెలుపలి రేవును సిద్ధపరచి, లక్షటన్నుల ఓడలకు చోటు కల్పింపవలసివచ్చెను. భాగస్వామ్యమనగా ఒకసారి చేసిన సంతకము గాదని పోర్టు ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ బల్లవద్ద ఒక కుర్చీ వేయనేలేదు. కొండచుట్టు నివసించు ఆదివాసులను ఎవరును పిలువలేదు. పిమ్మట గనుల మట్టి కలిసి శంఖినీనది నీరు ఎఱ్ఱబారెను. టన్నులు, ధరలు, ఓడలు లెక్కించినవారు త్రాగునీటిని లెక్కింపకపోవుట చిన్న పొరపాటు కాదు. ఆ వెల నేటికిని తీరలేదు.

ఇంకొక ప్రశ్న తెలుగునాటనుండి వచ్చెను. మనరేవు మీదుగా రాయి పరదేశము పోవుచుండగా ఉక్కు ఇచ్చటనే యేల చేయరాదు? 1966లో ఆ ప్రశ్న ఉద్యమమై ప్రాణములను గూడ బలిగొనెను. 1971లో శంకుస్థాపన జరిగిన విశాఖ ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. దాని కొలుములకును బైలడిల్లా రాయియే వచ్చెను.

జపాను ఒప్పందము మాత్రము తెగిపోలేదు. ధరవద్ద, పరిమాణమువద్ద ప్రతిసారియు మాటలు జరుగుచునే వచ్చెను. 2018లో కేంద్రమంత్రివర్గము జపాను కర్మాగారములతోను, కొరియాకు చెందిన పోస్కోతోను సరఫరా ఒప్పందములను మరల ఐదేండ్లకు పొడిగించెను.