నీళ్లను చల్లబరిచే యూరియా వెనుక ఎంత వేడి!

(కొత్వాల్‌గూడ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పిచికారీ కోసం డ్రమ్ములో యూరియా కలిపి చెయ్యి పెడితే నీళ్లు చల్లగా తగులుతాయి. సున్నపు గడ్డల మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడుకుతాయి. ఒకటి వేడిని లోపలికి తీసుకుంటుంది, ఇంకొకటి బయటికి ఇస్తుంది. వేడిని ఇచ్చే రసాయన చర్యను ఉష్ణమోచకమనీ, తీసుకునేదాన్ని ఉష్ణగ్రాహకమనీ మనం బడిలో చదువుకున్నాం.

మన జేబు లెక్క కూడా ఇందులోనే ఉంది. గాలిలో 78 శాతం నత్రజనే. కానీ పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. నత్రజని పరమాణువులు మూడు ముళ్లు పడ్డ జంటలు, ఓ పట్టాన విడిపోవు. అవి హైడ్రోజన్‌తో కలిసి అమ్మోనియా అయ్యేటప్పుడు వేడి బయటికే వస్తుంది. అయినా ఆ ముళ్లు విప్పడానికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీల వేడి, మామూలు గాలికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీయడానికి అంతకన్నా ఎక్కువ వేడి పెట్టాలి. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. 2021 నుంచి అక్కడ కొత్త ఫ్యాక్టరీలో గ్యాసుతో యూరియా తయారవుతున్నది.

ఆ గ్యాసులో పెద్ద భాగం విదేశాలదే. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో గ్యాసు ధర మండితే యూరియా తయారీ ఖర్చూ మండింది. 45 కిలోల బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకు వస్తున్నదంటే మిగతాది సబ్సిడీ. 2025 వానాకాలంలో బస్తా కోసం తెలంగాణ రైతులు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు.

ఫ్యాక్టరీ చేసే ఆ పనినే కంది, పెసర, బొబ్బెర వేర్ల బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా చేస్తుంది. కొలిమి లేదు, గ్యాసు లేదు. ఎండతో పైరు తయారుచేసుకున్న చక్కెరే దానికి ఇంధనం.

ఇక్కడ పక్కన ఔటర్ రింగు రోడ్డు, తలమీద విమానాలు. మనకు మిగిలిన భూమే కొంచెం. ఆ కొంచెం సారం పోగొట్టుకోవద్దు. యూరియా పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. పదునులో, దఫాలుగా, మట్టిలో కలిసేలా వేద్దాం. జీలుగ, జనుము పూతకు రాగానే కలియదున్నుదాం.

సర్కారును మనం అడిగేవి మూడే. యూరియా సబ్సిడీ తగ్గించొద్దు. అదునుకు ముందే బస్తాలు ఊరికి రావాలి. జీలుగ విత్తనం తొలకరికి ముందే సబ్సిడీపై ఇవ్వాలి. ఇవి సాధించేదాకా ఒక్కటిగా నిలబడదాం.