పొగ ఎవరికి, రాయితీ ఎవరికి?

(చంద్రాపూర్‌లో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మిల్లు కార్మికుల సభలో కార్ల గురించి, సోలార్ కరెంటు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. మన మరమగ్గాలు నడిచేది కరెంటుతోనే. ఆ కరెంటు పుట్టేది ఇలాంటి ఊళ్లలోనే. అందుకే ఇది మన సంగతి.

పాతవాళ్లు చాందా అని పిలిచే ఈ ఊరి పక్కనే మహాజెన్‌కో వారి సూపర్ థర్మల్ కేంద్రం ఉంది. సామర్థ్యం 2,920 మెగావాట్లు. 1980ల నుంచి ఇక్కడ బొగ్గు మండుతోంది. మన తెలుగువాళ్లు ఎందరో ఈ చుట్టుపక్కల గనుల్లో చెమటోడ్చారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితా వేస్తే చంద్రాపూర్ ముందు వరుసలో నిలిచింది. వెలుగు రాష్ట్రమంతటికీ, బూడిద ఈ ఊరికి!

ఇక ప్రభుత్వ విధానాలు చూద్దాం. 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలపై జీఎస్టీ 5 శాతమే. అదే కాలంలో సైకిలుపై 12 శాతం! 2025 సెప్టెంబరులో గాని దాన్ని 5కు తగ్గించలేదు. అంటే లక్షలు పోసి ఎలక్ట్రిక్ కారు కొన్నవారికంటే, షిఫ్టుకు సైకిలు తొక్కుకుంటూ పోయే కార్మికుడే ఆరేళ్లపాటు ఎక్కువ శాతం పన్ను కట్టాడు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఇంటి కప్పుపై సోలార్ పలకలకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తుంది. మంచిదే. కాని అద్దె గదిలో ఉండేవాడికి కప్పు ఏది?

మేము ఈ విధానాలకు వ్యతిరేకులం కాము. పొగ తగ్గితే ముందు బాగుపడేది మన ఊపిరితిత్తులే. 2025 నాటికి దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటి ఇంధనాలతో పనిలేనిదయింది. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. పొద్దు గూకితే సోలార్ ఆగుతుంది. అప్పుడు ఎక్కువ భారం మోసేది బొగ్గే. ఆ కరెంటుతో రాత్రి ఛార్జి చేసిన కారు ముంబై వీధిలో పొగ వదలదు. దాని వంతు పొగ ఇలాంటి చోట చిమ్నీలోంచి వస్తుంది.

ఆ చిమ్నీల సంగతేమిటి? గంధక వాయువును అదుపు చేయాలని 2015లో నిబంధన పెట్టారు. గడువు 2017. తర్వాత పొడిగింపుల మీద పొడిగింపులు. 2025 జులైలో దేశంలోని చాలా థర్మల్ కేంద్రాలకు ఆ యంత్రాల నుంచి మినహాయింపే ఇచ్చేశారు. కారుకు రాయితీ, చిమ్నీకి మినహాయింపు! ఇదెక్కడి శుభ్రత?

మిత్రులారా, మార్పు వచ్చినప్పుడు ఎవరు మిగులుతారో మనకు తెలుసు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ భూముల్లో మాల్స్, అంతస్తుల మేడలు లేచాయి. తెలుగు కార్మికులు ఎందరో పెట్టె సర్దుకుని ఊరికి తిరిగివచ్చారు. రేపు బొగ్గు తగ్గితే గని కార్మికుడికి, థర్మల్ కేంద్రంలోని కాంట్రాక్టు కూలీకి అదే గతి పట్టకూడదు. 2015 పారిస్ ఒప్పందంలోనే ఈ మార్పు కార్మికులకు న్యాయంగా జరగాలని రాశారు. రాతను చేతల్లో పెట్టించవలసింది మనమే.

అందుకే మేము అడుగుతున్నాం:

కార్లకంటే ముందు షిఫ్టు వేళలకు ఎలక్ట్రిక్ బస్సులు నడపాలి.

కార్మిక వాడల్లో ఉమ్మడి కప్పులపై సోలార్ పెట్టి, అద్దెకున్నవారి బిల్లూ తగ్గించాలి.

చంద్రాపూర్ చిమ్నీలకు మినహాయింపు ఇవ్వరాదు.

ఏ యూనిట్ మూసినా, కాంట్రాక్టు కూలీలతో సహా అందరికీ ముందుగా శిక్షణ, ప్రత్యామ్నాయ పని చూపించాలి.

ఈ నాలుగు కోర్కెలను ప్రతి మిల్లు గేటు దగ్గరా చదివి వినిపించండి. గని కార్మికుల సంఘాలతో కూర్చుని మాట్లాడండి. పొగ పోవాలి, పని నిలవాలి!