అరవై ఎనిమిదో ఏట మళ్లీ 'అ', 'ఆ'లు

(సంఘ వార్షికోత్సవ సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో ఇంగ్లీషు నోట్లు, డ్రాఫ్టులు రాసిన చేయి నాది. ఆ ధైర్యంతోనే అరవై ఎనిమిదో ఏట ఫ్రెంచి మొదలుపెట్టాను. కారణం మా మనవరాలు. మా అబ్బాయి కుటుంబం కెనడాలోని మాంట్రియల్‌లో ఉంటోంది. అక్కడి క్విబెక్ రాష్ట్రంలో 1977 నాటి భాషా చట్టం ప్రకారం వలస వెళ్లినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడిలోనే చదవాలి. పిల్లకు తెలుగు అంతంతమాత్రం. ఫోనులో "తాతయ్యా" అన్నాక మా మాటలు ముందుకు సాగేవి కావు.

పదాలు తేలిగ్గానే పట్టుబడ్డాయి. చాలావరకు ఇంగ్లీషులో చూసినవే. నన్ను ఏడిపించినవి ప్రిపొజిషన్లు. ఇంగ్లీషులో పారిస్‌కైనా, ఫ్రాన్సుకైనా, కెనడాకైనా ముందు 'ఇన్' పెడితే సరి. ఫ్రెంచిలో సాధారణంగా ఊరికి 'అ': 'అ పారీ'. స్త్రీలింగమైన దేశానికి ముక్కుతో పలికే 'ఆఁ': 'ఆఁ ఫ్రాఁస్'. కెనడా పుంలింగం కాబట్టి 'ఓ కనడా'. దేశాలకు ఆడా మగా ఏమిటని మా ఆవిడ నవ్వింది. పైగా "పారిస్‌లో" అన్నా, "పారిస్‌కు" అన్నా అదే 'అ'!

క్రియలతో మరో చిక్కు. ఇంగ్లీషులో 'లిజన్' తర్వాత 'టు' ఉండాలి. అదే అర్థమున్న ఫ్రెంచి 'ఎకూతే'కు ఏదీ అక్కర్లేదు. ఇంగ్లీషులో 'ఫోన్' చేయడానికి ప్రిపొజిషన్ లేదు. ఫ్రెంచి 'తెలెఫోనే'కు 'అ' తప్పదు. ఇక్కడ నాకు దారి చూపింది తెలుగే. మనం "పాట విన్నాను" అంటాం. "అన్నయ్యకు ఫోన్ చేశాను" అంటాం. ఫ్రెంచివారి పద్ధతీ అదే!

అన్నిచోట్లా ఇలా కలవదు. ఎన్‌క్లోజర్లు లేని ఫైలును మనం పైకి పంపేవాళ్లం కాదు కదా. అలాగే ప్రతి క్రియనూ దాని ప్రిపొజిషన్‌తో జతచేసి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

అయినా ఒకసారి పప్పులో కాలేశాను. మనవరాలి పుట్టినరోజు కార్డు మీద 'ఐ మిస్ యు' అనుకుంటూ, మాటకు మాట పెట్టి 'జె తె మాఁక్' అని రాశాను. ఈ క్రియ కూడా 'అ' కోరేదే. అంటే మన 'కు' అన్నమాట. ఎదుట లేని మనిషే ఇక్కడ కర్త. కనుక నేను రాసింది "నేను లేని లోటు నీకు తెలుస్తోంది" అని! రాయవలసింది 'త్యు మె మాఁక్'.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, "తాతయ్యా, తప్పు రాశావు" అంది. కాసేపాగి, "కానీ నిజమే రాశావు" అంది. రెండు మాటలూ ఫ్రెంచిలోనే. ఇంగ్లీషు సాయం లేకుండానే నాకు అర్థమయ్యాయి.